ద్వీపానికి వెళ్లి పప్పు పూరీ తినడమా?

మా మేనల్లుడికి ఈ మధ్యే పెళ్లయింది. కొత్త జంట మారిషస్ వెళ్లాలనుకుంటున్నారని కుటుంబ వాట్సాప్ గ్రూపులో తెలిసినప్పటి నుంచీ సలహాలు ఆగడం లేదు. వాటిలో సగం ‘మారిషస్‌లో తప్పక రుచి చూడవలసిన సంప్రదాయ వంటకాలు’ అనే తరహా జాబితాలు. లాబ్‌స్టర్, ఆక్టోపస్, తాటిజాతి చెట్టు మొవ్వుతో చేసే సలాడ్ వాటిలో ముందు వరుసలో ఉంటాయి. దాల్ పూరీ ఎక్కడో అడుగున, ‘భారతీయుల ద్వారా వచ్చిన చిరుతిండి’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టుకుంటుంది. మిగతా సగం సలహాలు దీనికి పూర్తిగా వ్యతిరేకమైనవి. అమీర్‌పేటలోని ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన కాగితంలో ప్రతి రోజు కార్యక్రమం చివరా ‘ఇండియన్ డిన్నర్‌తో సహా’ అని ఉంది. మా అక్కయ్యకు ఆ మాట మీద కూడా నమ్మకం కుదరక, ఆవకాయ, కందిపొడి, ఒక చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ ఇప్పటినుంచే పక్కన పెట్టి ఉంచింది.

పైకి ఎదురెదురుగా కనిపిస్తున్నా, ఈ సలహాలన్నిటి అడుగునా ఉన్న ఊహ ఒక్కటే: ద్వీపం తిండి మనకు బొత్తిగా పరాయిది. ఒకరు దాన్ని సాహసం చేసి తినమంటారు, మరొకరు దానికి దూరంగా ఉండమంటారు. కొన్నేళ్ల క్రితం కుటుంబంతో కలిసి ఆ దీవిని చూసి వచ్చిన నాకు అసలు ఈ ఊహే నిలబడదనిపిస్తుంది. మారిషస్ వెళ్లే తెలుగువాళ్లు మొట్టమొదట తినవలసింది, అక్కడ మన కంటికి అన్నిటికన్నా తెలిసినట్టుగా కనిపించే తిండినే అని నా అభిప్రాయం. ఈ మాట గ్రూపులో అనగానే ‘పప్పు పూరీ తినడానికి అంత దూరం పోవాలా మామయ్యా?’ అని మేనల్లుడే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నాలుగు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసే మనిషికి రెండు ముక్కల్లో చెప్పగలిగిన జవాబు కాదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

మనుషులే లేని చోట సంప్రదాయం

1598లో డచ్చివాళ్లు దిగేనాటికి ఆ దీవిలో డోడో పక్షులున్నాయి, పెద్ద తాబేళ్లున్నాయి, మనుషులు మాత్రం లేరు. డచ్చివాళ్లు 1638లో స్థిరపడి, మరుసటి ఏడు జావా నుంచి చెరకునూ జింకలనూ తెచ్చారు. 1710లో అంతా వదిలేసి వెళ్లిపోయారు. 1715లో వచ్చిన ఫ్రెంచివాళ్లు ఆఫ్రికా నుంచీ మడగాస్కర్ నుంచీ బానిసలను తెచ్చారు. 1810లో దీవి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. 1835లో బానిసత్వం రద్దు కానున్న తరుణంలో చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చి, తోటల యజమానులు మన దేశం వైపు చూశారు. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ ఓడలో ఒప్పంద కూలీలు పోర్ట్ లూయీ రేవులో దిగారు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల దాకా ఆ మార్గంలో వెళ్లినవాళ్లు దాదాపు 4.5 లక్షల మంది. వారిలో భోజ్‌పురీ ప్రాంతం వాళ్లు అత్యధికులు. తమిళులు, మరాఠీలతో పాటు కోరంగి రేవు మీదుగా ఓడలెక్కిన మన కోస్తా జిల్లాల వాళ్లూ ఉన్నారు. చైనా నుంచి వచ్చిన వర్తకులు ఊరూరా కొట్లు పెట్టి, ఖాతా పుస్తకం మీద కూలీలకు సరుకులు అప్పిచ్చారు.

తిండి విషయంలో ఈ చరిత్రకు ఉన్న అర్థం ఏమిటంటే, ఆ దీవిలో నేలలో పుట్టిన వంట అంటూ ఏదీ లేదు. ఉన్నదంతా ఓడలో దిగినదే. మంచి నేలంతా చెరకుకు పోయింది గనుక బియ్యం నేటికీ దాదాపు పూర్తిగా బయటినుంచి రావలసిందే. రేషన్ బియ్యం మీదా, గోధుమ పిండి మీదా అక్కడి ప్రభుత్వం సబ్సిడీ భరిస్తుంది. కాబట్టి అక్కడ సంప్రదాయ వంటకం అంటే, దిగుమతి అయిన బస్తాలోని పిండితో, పప్పుతో, పెరట్లో కాసిన సొరకాయతో, మునగాకుతో, పొద్దున్నే పనికి పోవలసిన మనుషులు కుదుర్చుకున్న తిండి. లాబ్‌స్టర్ ఆ సముద్రంలో దొరికే మాట నిజమే. కానీ దాని మీద వెన్న పూసి నిప్పుల మీద కాల్చి ఇవ్వడం ప్రపంచంలోని ఏ తీరపు హోటలైనా చేయగల పని. దాన్ని తిన్నాక మనకు ఆ దీవి గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

బెల్లం లేని బొబ్బట్టు

మాహెబూర్ అనే ఊళ్లో సోమవారం సంత జరుగుతుంది. అక్కడ మా పిన్ని చేతికి మొదటి దాల్ పూరీ వచ్చిన ఘట్టం ఈ వాదనకు అసలు ఆధారం. మా పిన్నిది కోనసీమ. పండగకు వందకు తక్కువ కాకుండా బొబ్బట్లు చేసిన చేయి ఆవిడది. అద్దాల పెట్టెలో గుడ్డ కింద దొంతరగా పేర్చిన పల్చని, పసుపుపచ్చని రొట్టెల్లోంచి రెండు తీసి, వాటి మీద బీన్స్ గింజల కూర, టమాటా కూర, కొత్తిమీర పచ్చడి రాసి, మడిచి, కాగితంలో చుట్టి ఇచ్చింది అమ్మే ఆవిడ. అక్కడ దాల్ పూరీని ఎప్పుడూ జతగానే ఇస్తారు. పిన్ని ఒక ముక్క కొరికి, కాసేపు నమిలి, ‘బెల్లం వేయడం మరిచిపోయారే’ అంది.

మేమంతా నవ్వాం. కానీ ఆవిడ నవ్వలేదు. రెండో ముక్క తిన్నాక పొరలు విప్పి చూసింది. లోపల పప్పు ముద్దగా లేదు, పొడిపొడిగా ఉంది. బొబ్బట్టులో పూర్ణాన్ని బెల్లం పట్టి ఉంచుతుంది. బెల్లం లేకుండా పొడి పప్పును అంత పల్చటి రొట్టెలో చిరగకుండా ఎలా ఒత్తారన్నది ఆవిడకు పట్టుకున్న సందేహం. అమ్మే ఆవిడకు సినిమాల హిందీ వచ్చు, మా పిన్నికి సీరియళ్ల హిందీ వచ్చు. ఆ భాషలో వాళ్లిద్దరూ జరిపిన సంభాషణలో తేలింది ఇది: బటానీ పప్పును పసుపు వేసి, మరీ మెత్తబడకుండా ఉడికించి, నీరు పూర్తిగా వార్చి, జీలకర్రతో పొడి అయ్యేలా విసురుతారు. వార్చిన ఆ నీటితోనే పిండి కలుపుతారు. మైదాకు రంగూ మెత్తదనమూ అక్కడినుంచే వస్తాయి. రొట్టెను పెనం మీద నూనె రాసి కాలుస్తారు గానీ ఎర్రబడనివ్వరు. ఎర్రబడితే మడవడానికి వంగదు.

ఇది మన వంట కాదు. బీహారు నుంచి వెళ్లిన దాల్ పూరీకి ఆ దీవిలో కుదిరిన రూపం. బొబ్బట్టు తెలిసిన మనిషికి మాత్రమే అందులోని పనితనం అంత త్వరగా కంటబడుతుందన్నది నేను చెప్పదలుచుకున్న సంగతి. లాబ్‌స్టర్ ముందు మా పిన్ని అడిగే ప్రశ్న ఏమీ ఉండదు. తింటే తింటుంది, లేకపోతే పక్కకు నెడుతుంది. దాల్ పూరీ ముందు ఆవిడకు ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషి ఎదురుగా ఉంది. యాత్రలో తిండి వల్ల జరగవలసిన పని ఇంతకంటే ఏముంటుందో నాకు తెలియదు.

తెలిసినట్టే ఉండి

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తెలిసిన తిండి తినమని నేనంటే, ‘అన్నీ మన దగ్గరినుంచి పోయినవే’ అని మురిసిపోతూ తినమని కాదు. మనవాళ్లకు ఆ జబ్బు ఉంది. ఏ దేశం వెళ్లినా అక్కడి గారెను చూసి ‘మన గారే’ అని ముద్ర వేసి, రుచి చూడటం ఆపేస్తాం.

గాతో పిమా అనే చిన్న వడలను చూడండి. నానబెట్టిన పప్పును బరకగా రుబ్బి, పచ్చిమిర్చి, ఉల్లికాడలు, కొత్తిమీర కలిపి నూనెలో వేస్తారు. మన మసాలా వడకు చెల్లెలే. కానీ దాన్ని తినే పద్ధతి వేరు. పొద్దున్నే, వెన్న రాసిన ఫ్రెంచి తరహా రొట్టెను చీల్చి, వేడి వడలను అందులో నొక్కి, నడుస్తూ తింటారు. వడ వేడికి వెన్న కరిగి రొట్టెలోకి దిగుతుంది. వడ ఒక ఖండానిది, వెన్న రాసిన రొట్టె మరో ఖండానిది. రెండింటినీ కలిపింది బస్సుకు ఆలస్యమవుతున్న మనుషులు. వడ వరకే తిని ‘మా వీధి చివర బండి మీద ఇంతకన్నా బాగుంటాయి’ అనేవాళ్లతో నాకు పేచీ లేదు, నిజంగానే బాగుంటాయి. కానీ వాళ్లు అక్కడి ఫలహారం తిననట్టే లెక్క.

విందాయ్ సంగతి మరింత ఆసక్తికరమైనది. వేయించిన చేప ముక్కలకు నూరిన ఆవాలు, పసుపు, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, వెనిగర్ పట్టించి నిలవ ఉంచుతారు. చల్లగానే అన్నంతోనో రొట్టెతోనో తింటారు. మూలం పోర్చుగీసువాళ్ల వెనిగర్ మాంసంలో ఉందంటారు, గోవా విందాలూకు కూడా అదే మూలం. అయితే ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిని పెరిగిన వాళ్లకు విందాయ్ మొదటి ముద్దలోనే ఆవ ఘాటు ముక్కుకు తగులుతుంది. ఆ వెంటనే వెనిగర్ పులుపు వచ్చి, మనం ఎదురుచూసిన చింతపండునో నిమ్మకాయనో పక్కకు తోసేస్తుంది. ఉలిక్కిపడతాం. ఆవ తెలియనివాళ్లకు ఆ ఉలికిపాటు ఉండదు, మొత్తం కొత్తగానే ఉంటుంది గనుక. చేప తినేవాళ్లు దీన్ని వదులుకోకూడదు. జాబితాల్లో దీని ఆక్టోపస్ రూపమే ఎక్కువగా కనిపిస్తుంది, చేపతో చేసినదే నాకు నచ్చింది.

రుగాయ్ అనే టమాటా కూర కూడా అంతే. ఎండుచేపతో చేసిన రుగాయ్ చూస్తే మన ఎండుచేపల టమాటా ఇగురే గుర్తుకువస్తుంది. నోట్లో పెట్టుకుంటే థైమ్ ఆకు వాసన అడ్డొస్తుంది. నాకు అది మొదట మందు వాసనలా తోచింది. మా ఆవిడకు మొదటి రోజే నచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో టమాటా కూరలో అప్పుడప్పుడూ థైమ్ పడుతోంది, నా అభ్యంతరం వీగిపోయింది.

హలీం గురించి ఒక్క మాట చెప్పకుండా హైదరాబాదు నుంచి రాయడం కుదరదు. పోర్ట్ లూయీలో హలీం అమ్ముతారు. గోధుమ, పప్పులు, మాంసం, మసాలాలు అన్నీ ఉంటాయి. కానీ అది చారు. పల్చగా, గిన్నెలో, మాంసం ముక్కలు ముక్కలుగానే తేలుతూ, పైన కొత్తిమీర చల్లి, పక్కన రొట్టెతో ఇస్తారు. గంటల తరబడి దంచి, నెయ్యి పోసి, చెంచా నిలబడేంత చిక్కగా చేసే మన హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గదా అని ఆ గర్వంతో చూస్తే అది నీళ్లు కలిపిన హలీంలా కనిపిస్తుంది. మా తమ్ముడు సరిగ్గా అదే మాట అన్నాడు. కానీ మన హలీం కూడా అరబ్బుల వెంట ఈ ఊరికి వచ్చి, ఇక్కడి మసాలా తగిలి మారినదే. ఒకే వంట బయలుదేరి రెండు రేవుల్లో దిగితే ఒకచోట ముద్దగా, ఒకచోట చారుగా ఎందుకు స్థిరపడుతుందన్న ప్రశ్న హైదరాబాదు మనిషికి రావలసినంత సహజంగా ఇంకెవరికీ రాదు.

కారు నడిపినాయన అభ్యంతరం

నా వాదనకు బలమైన ఎదురుదెబ్బ మన జాబితాల నుంచి కాక అక్కడి మనిషి నుంచే వచ్చింది. మమ్మల్ని తిప్పిన కారు డ్రైవరు ఇంటిపేరు వినగానే మా పిన్ని చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఉత్తరాంధ్రలో అడుగడుగునా వినిపించే పేరు. మేం తెలుగువాళ్లమని చెప్పగానే ఆయన అక్కడి వాడుక భాష క్రియోల్‌లో ‘మో ఓసీ తెలుగు’ అన్నాడు, నేను కూడా తెలుగే అని. భాష పెద్దగా రాదు. కొన్ని రామభజన పాటలు, పండగల పేర్లు వచ్చు. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు ఉంటుందనీ, బడిలో తెలుగు చెబుతారనీ, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు తమ దీవిలోనే జరిగాయనీ గర్వంగా చెప్పాడు.

ఇంత ఆత్మీయంగా మాట్లాడినాయన, దాల్ పూరీ బండి దగ్గర ఆపమంటే మాత్రం రెండు సార్లు మాట దాటేశాడు. మూడోసారి గట్టిగా అడిగితే, ‘అది మేం పనికి పోతూ తినేది. ఇంటికి వచ్చిన చుట్టాలకు పెట్టేది కాదు’ అన్నాడు. సముద్రం ఒడ్డున తనకు తెలిసిన మంచి హోటలు ఉందనీ, అక్కడ చేపలు తాజాగా ఉంటాయనీ, వచ్చినవాళ్లందరినీ అక్కడికే తీసుకువెళతాననీ చెప్పాడు. కమిషన్ కోసమని మా తమ్ముడు చెవిలో ఊదాడు. అయి ఉండవచ్చు. కానీ నాకు అందులో మర్యాదే ఎక్కువగా కనిపించింది. ముంబయి నుంచి మా ఆఫీసు వాళ్లు వస్తే నేను వాళ్లను బిర్యానీకే తీసుకువెళతాను గానీ, జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టే చోటికి తీసుకువెళ్లను. పొద్దున్నే ఖిచ్డీ, ఖీమా, ఖట్టా తినిపిద్దామన్న ఆలోచన కూడా రాదు. అతిథికి మన రోజువారీ తిండి పెట్టడం తక్కువ చేయడమనే భావం రెండు చోట్లా ఉంది.

మరి అక్కడివాళ్లే చూపించడానికి మొహమాటపడే తిండిని మనం పట్టుబట్టి అడగడం సబబేనా? దీని మీద నాకు ఇప్పటికీ పూర్తి సమాధానం లేదు. కూలీల తిండిని చూసి ‘ఎంత నిజాయితీ గల రుచి’ అని మురిసిపోవడంలో ఒక అసహ్యం కూడా ఉంది. ఆ తిండి వెనుక ఉన్నది రేషన్‌గా ఇచ్చిన బియ్యం, పప్పు, ఉప్పుచేప. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే పద్ధతి. పోర్ట్ లూయీలో కూలీలు దిగిన రేవు మెట్లు, ఆప్రవాసీ ఘాట్, 2006 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. ఆ మెట్లు చూసి వచ్చి, దగ్గరే ఉన్న మార్కెట్లో దాల్ పూరీ కొరుకుతుంటే ఈ ఆలోచన రాక తప్పదు. అయినా, ఆ చరిత్రకు మర్యాద ఇవ్వడమంటే ఆ తిండిని పక్కనబెట్టి హోటల్లో పనీర్ బటర్ మసాలా తినడం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. డ్రైవరు మొహమాటం నిజమే, కానీ చివరికి ఆపినప్పుడు ఆయన మాతో పాటు దిగి, బండి దగ్గరి మనిషికి క్రియోల్‌లో ఏదో చెప్పి మా పూరీల్లో అచార్ ఎక్కువ వేయించాడు. తనకు మాత్రం కారం రెట్టింపు వేయించుకున్నాడు.

ఆ మధ్యాహ్నమంతా ఆయన తిండి గురించే మాట్లాడాడు. పెళ్లిళ్లలో అరిటాకు వేసి వడ్డించే ఏడు కూరల భోజనం గురించి, పనసకాయ, గుమ్మడికాయ, అరటికాయ, ఆకుకూర, గింజల కూర, రసం వరస పెట్టి చెబుతుంటే మా పిన్నికి ప్రాణం లేచివచ్చింది. పనసను పొట్టుగా కొట్టరా, ముక్కలే కోస్తారా అని అడిగింది. ముక్కలే అని తెలిసి కొంచెం నిరాశపడింది. సముద్రం ఒడ్డు హోటలుకు వెళ్లి ఉంటే ఈ సంభాషణ జరిగేది కాదనే అనుకుంటున్నాను.

మిగిలిన సందేహాలు

శాకాహారుల బెంగ గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మారిషస్‌లో అది పెద్ద బెంగ కాదు. దాల్ పూరీ, గాతో పిమా, బీన్స్ కూర, మునగాకు పులుసు, అనాసకాయకు చింతపండు, కారం పట్టించి ఇచ్చే చిరుతిండి, సబ్జా గింజలు వేసిన అలూదా పాలు, ఇవి చాలు రోజు గడవడానికి. కొన్ని బండ్ల మీద మాంసం కూరలూ పక్కనే ఉంటాయి గనుక ఒకే గరిటె వాడుతున్నారేమో చూసుకోవాలి. చైనావాళ్ల ఆవిరి ఉండ్రాళ్లలో మన బెంగుళూరు వంకాయతో చేసేవి ఉంటాయి, కానీ వాటిలో రొయ్య గానీ మాంసం గానీ కలుపుతుంటారు, అడగకుండా తినవద్దు.

శుభ్రత విషయంలో నా నియమం హైదరాబాదులో పాటించేదే: వరస ఉన్న బండి, కళ్లెదుట కాలుతున్న పెనం, మధ్యాహ్నం కాకముందు.

అసలు కష్టం రిసార్టు. డబ్బంతా ముందే కట్టించుకుని మూడు పూటలా భోజనం పెట్టే చోట దిగినవాళ్లకు బయట తినడమంటే రెండోసారి డబ్బు పెట్టడమే. మేం దిగిన చోట వారానికొక రాత్రి ‘మారిషస్ విందు’ ఉండేది. సెగా నృత్యం, దీపాలు, పొడవాటి బల్ల మీద అరచేతిలో సగం ఉండే దాల్ పూరీలు. రుచి బాగానే ఉంది. కానీ జత లేదు, కాగితం లేదు, కూర విడిగా చిన్న గిన్నెలో ఉంది. నేను ఎవరినీ ఏమీ అడగలేదు, ఎవరూ నాకేమీ చెప్పలేదు. అదే గదిలో ఇంకో మూల ‘ఇండియన్ కార్నర్’ దగ్గర మన గుంపంతా నాన్ కోసం నిలబడి ఉంది. వాళ్లను వెక్కిరించాలని లేదు. పిల్లలతో, మధుమేహం ఉన్న పెద్దవాళ్లతో వెళ్లిన కుటుంబానికి తెలిసిన భోజనం ఒక పూట దొరకడం ఎంత నెమ్మదో నాకూ తెలుసు. నేను అడుగుతున్నది రాత్రి భోజనాన్ని మార్చుకోమని కాదు, పొద్దుటి ఫలహారాన్ని ఒక్కసారి బయటికి తెచ్చుకోమని.

ఈ వాదన మారిషస్‌కే చెల్లుతుందా అని మా తమ్ముడు అడిగాడు. కొంతవరకు. అక్కడ మనకు ఉన్న సౌలభ్యం వేరే దీవుల్లో లేదు. మాల్దీవుల్లో రిసార్టు దీవులు వేరు, జనం ఉండే దీవులు వేరు. 2009 తరువాత జనం ఉండే దీవుల్లో అతిథి గృహాలకు అనుమతి రావడంతో, కొబ్బరి, ట్యూనా, ఉల్లి, మిర్చి కలిపి రొట్టెతో తినే మస్ హునీ అనే అక్కడి పొద్దుటి ఫలహారం మామూలు యాత్రికుడికీ అందుబాటులోకి వచ్చింది. కానీ చేప తిననివాళ్లకు అక్కడ నేను చెప్పేదేమీ లేదు. బాలిలో అరిటాకులో పిడికెడు అన్నం చుట్టి అమ్మే నాసీ జింగో నా వాదనకు సరిగ్గా సరిపోతుంది. అక్కడే లావర్ అనే వంటకంలో పచ్చి రక్తం కలపడం కూడా ఉంది గనుక కళ్లు మూసుకుని ‘స్థానికులు తినేదే తింటాను’ అనడం కుదరదు. తెలిసినదాని నుంచి మొదలుపెట్టమన్నది అందుకే.

కొత్త దంపతులకు లాబ్‌స్టర్ వద్దనడానికి నేనెవరిని? సముద్రపు ఒడ్డున దీపం పెట్టుకుని ఒక రాత్రి తింటారు, తిననివ్వండి. తాటిజాతి మొవ్వు సలాడ్ మాత్రం నాకు నచ్చని సంగతి. ఒక పళ్లెం కోసం ఏళ్ల తరబడి పెరిగిన చెట్టును నరకాలి. దాన్ని అక్కడ కోటీశ్వరుల సలాడ్ అనడం ఊరికే కాదు. రుచి చప్పగా, లేత కొబ్బరికీ క్యాబేజీకీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఆక్టోపస్ తినేవాళ్లు మారిషస్‌కే చెందిన రోడ్రిగ్స్ దీవిలో 2012 నుంచి ఏటా కొన్ని వారాల పాటు దాని వేట ఆపేస్తున్నారని తెలుసుకుంటే మంచిది. ఆ వారాల్లో తాజా ఆక్టోపస్ అని ఎవరైనా పెడితే ఎక్కడిదని అడగవచ్చు.

ఇక మేనల్లుడు అడిగిన చివరి ప్రశ్న, ఏ బండి మంచిదని. దానికి పేరు చెప్పడం నాకు ఇష్టం లేదు. పేరు చెప్పిన బండి ముందు మనవాళ్లే వరసలో ఉంటారు. పోర్ట్ లూయీలో ఇమిగ్రేషన్ స్క్వేర్ బస్టాండు ఆప్రవాసీ ఘాట్‌కు ఆనుకునే ఉంటుంది. అక్కడ పొద్దున్న పనికి దిగేవాళ్లు ఏ పెట్టె దగ్గర ఆగుతున్నారో చూసి అక్కడే ఆగడం సరిపోతుంది. చిల్లర ఉంచుకోవాలి. కారం వేయమంటారా అని అడిగినప్పుడు ‘తెలుగువాళ్లం, మాకేమిటి’ అని ధైర్యం చేయవద్దు. మజవరూ అని వాళ్లు పిలిచే ఆ మిరప ముద్దలో ఉప్పూ కారమూ తప్ప నోటికి అడ్డం పడే చింతపండు ఉండదు. మొదటి జతకు సగం చెంచా చాలు.